ఆరాలు తీసే ఆడవాళ్ళు

మన భాషలో ఒక తమాషా ఉంది, ఎప్పుడైనా గమనించారా? మగవాడు నలుగురినీ నాలుగు ప్రశ్నలడిగి, విన్న ముక్కా కన్న ముక్కా జోడించి ఒక సంగతి తేల్చాడనుకోండి, దాన్ని పరిశోధన అంటారు. అదే పని ఆడది చేస్తే ఆరాలు తీయడం అంటారు. ఆయన చెబితే సమాచారం, ఆవిడ చెబితే చాడీ. ఆయన కిటికీలోంచి చూస్తే నిఘా, ఆవిడ చూస్తే తొంగిచూడ్డం. ఆయనకు అనుమానం వస్తే బుద్ధి కుశలత, ఆవిడకు వస్తే అనుమానపు పీనుగ. పని ఒక్కటే, పేర్లు మాత్రం రెండు. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు పక్కింటావిడంటే గట్టి భయమే ఉండి ఉంటుంది.

ఈ అన్యాయాన్ని కాస్తయినా సరిదిద్దగల కథలు ఒక రకం ఉన్నాయి. అపరాధ పరిశోధన కథలు. హత్య చేసిందెవరు అన్న ప్రశ్న చుట్టూ తిరిగే కథకి కండబలం అక్కర్లేదు, హోదా అక్కర్లేదు, పాటలు పాడే గొంతు అసలే అక్కర్లేదు. చూసే కన్నూ, గుర్తుంచుకునే బుర్రా ఉంటే చాలు. జీతం పుచ్చుకుని పనిచేసే పోలీసాయన ఒకవైపు, ఏ జీతమూ లేకుండా తోచిందాన్ని బట్టి కూపీ లాగే మామూలు మనిషి మరోవైపు. చివరికి ఆ మామూలు మనిషే గెలవడం ఈ కథల్లో మజా. మరి అలాంటి కథలో వీధి మొగన ఇంటావిడకి పెద్దపీట వెయ్యాలా వద్దా? హాలీవుడ్ వాళ్ళు అప్పుడప్పుడైనా వేశారు. మనవాళ్ళకి మాత్రం చేతులు రాలేదు. నా తగువంతా దీని గురించే.

ముందు హాలీవుడ్ సంగతి చెబుతాను. 1932లో ఆర్.కె.ఓ. కంపెనీ వాళ్ళు ‘ది పెంగ్విన్ పూల్ మర్డర్’ అని ఒక సినిమా తీశారు. స్టూవర్ట్ పామర్ అనే రచయిత దానికి ముందు ఏడాది రాసిన నవల దానికి ఆధారం. అందులో అపరాధ పరిశోధకురాలు ఎవరనుకున్నారు? హిల్డగార్డ్ విథర్స్ అనే బడిపంతులమ్మ. పెళ్ళి కాలేదు, పడుచుదనం ఎప్పుడో దాటిపోయింది. ఆ వేషం వేసిన ఎడ్నా మే ఆలివర్ అందగత్తె అని ఎవరూ అనలేదు, ఆవిడా అనిపించుకోవాలనుకోలేదు. పొడుగాటి మొహం, నిటారైన నడక, చేతిలో గొడుగు. చూడగానే మనం చదువుకున్న బళ్ళోని లెక్కల టీచరు గుర్తొచ్చి, చేతులు కట్టుకోబుద్ధేస్తుంది.

ఆవిడ క్లాసు పిల్లల్ని వెంటేసుకుని న్యూయార్క్ అక్వేరియం చూపించడానికి వెళుతుంది. పర్సు కొట్టేసి పారిపోతున్న దొంగ కాళ్ళకి గొడుగు అడ్డంపెట్టి బోర్లా పడేస్తుంది. కాసేపటికి పెంగ్విన్లుండే తొట్టిలో ఒక పెద్దమనిషి శవం తేలుతుంది. టోపీకి గుచ్చుకునే పొడుగాటి సూదితో హత్య జరిగిందని తెలుస్తుంది. అది ఆవిడ సూదే! ఇంకొకరైతే గోలుగోలున ఏడ్చి మూర్ఛపోయేవారు. ఈవిడ మాత్రం పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్క చూసుకుని, ఇన్స్పెక్టర్ పైపర్ గారి దర్యాప్తులోని తప్పులు దిద్దడం మొదలుపెడుతుంది. పరీక్ష తప్పిన పిల్లవాడిని కూర్చోబెట్టి చెప్పినంత ఓపికగా చెబుతుంది. హంతకుడెవరో నేను చెప్పను. ఈ రకం కథల ముగింపు బయటపెట్టడం పాపం.

ఆవిడకి ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చింది? బడి నుంచే. సిరా ఒలకబోసింది ఎవరు, సుద్దముక్క దాచింది ఎవరు, ‘కడుపునొప్పి టీచర్’ అంటున్న పిల్లకి నిజంగా నొప్పా, లేక పాఠం రాలేదా? ఏళ్ళ తరబడి ఇవే తేల్చుకుంటూ వచ్చిన మనిషి ఆవిడ. హత్య కేసు ఆవిడ దృష్టిలో ఇంకో తరగతి గది, అంతే. 

ఇందులో ఒక చమత్కారం కూడా ఉంది. కథ చివర ఇన్స్పెక్టర్ గారు ఆవిడను పెళ్ళాడమని అడుగుతారు. ఆడదాన్ని ఉత్తి తెలివితో వదిలేస్తే ప్రేక్షకులు ఊరుకోరని భయపడ్డారు కాబోలు. తీరా 1934లో ‘మర్డర్ ఆన్ ది బ్లాక్‌బోర్డ్’, 1935లో ‘మర్డర్ ఆన్ ఎ హనీమూన్’ వచ్చేసరికి ఆ పెళ్ళి సంగతి అందరూ చల్లగా మరిచిపోయారు. మొగుడికి కాఫీ కలుపుతూ కూర్చుంటే హంతకుల్ని ఎవరు పట్టుకుంటారని జ్ఞానోదయం అయి ఉంటుంది.

రెండో ఉదాహరణ అందరికీ తెలిసిందే. హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రేర్ విండో’. కాలు విరిగి చక్రాల కుర్చీకి అతుక్కుపోయిన ఫోటోగ్రాఫరు, పొద్దుపోక ఎదుటివాళ్ళ కిటికీల్లోకి చూస్తూంటాడు. ఎదుటి వాటాలో మంచం పట్టిన భార్య ఉన్నట్టుండి కనబడదు. మొగుడు చంపేశాడని ఈయన అనుమానం. ఊరెళ్ళిందంటాడు పోలీసు స్నేహితుడు. చూడ్డానికి ఈ కథలో డిటెక్టివ్ ఈయనే. కానీ కేసు ముడి విప్పింది ఎవరో కాస్త జాగ్రత్తగా చూడండి. ఆయన్ని ప్రేమించిన లీసా. ఊరెళ్ళే ఆడది తనకిష్టమైన చేతిసంచీ మంచానికి తగిలించి పోతుందా, నగలు వదిలేసి పోతుందా, అన్నిటికీ మించి పెళ్ళి ఉంగరం తీసి ఇంట్లో పెట్టి వెళుతుందా అని అడిగింది ఆవిడ. పోలీసాయన దీన్నంతా ఆడవాళ్ళ ఊహాపోహలని కొట్టిపారేశాడు. ఆ కొట్టిపారేసిన ఉంగరమే చివరికి సాక్ష్యమైంది. గోడెక్కి, కిటికీలోంచి హంతకుడి ఇంట్లోకి దూరి దాన్ని పట్టుకొచ్చింది కూడా లీసాయే. మన దేశంలో ఈ కేసు జరిగి ఉంటే అంతదూరం పోనక్కర్లేదు. ‘ఊరెళ్ళిందంటున్నారు, మరి మంగళసూత్రం చిలక్కొయ్యకి వేలాడుతోందేమండీ?’ అని పాచిపని చేసే ముసలమ్మ మొదటి రోజే అడిగేసేది.

మూడోది, హాలీవుడ్ కంపెనీ ఎం.జి.ఎం. వాళ్ళు 1961లో ఇంగ్లండులో తీసిన ‘మర్డర్, షి సెడ్’. అగాథా క్రిస్టీ నవల ఆధారం. మిస్ మార్పుల్‌గా మార్గరెట్ రూథర్‌ఫర్డ్. రైల్లో పోతూంటే, పక్క పట్టాల మీద సమంగా పరిగెత్తే ఇంకో రైల్లో ఒకడు ఒక ఆడదాని గొంతు నులమడం ఆవిడ కంటబడుతుంది. పోలీసులు వెతికి, శవం దొరకలేదు కాబట్టి హత్యే లేదంటారు. పెద్దావిడ, పైగా డిటెక్టివ్ నవలలు చదువుతుంది, ఏదో భ్రమపడి ఉంటుందని తీర్మానిస్తారు. ఆవిడ పట్టాలమ్మట తనే వెతుక్కుని, అనుమానం తగిలిన ఇంట్లో పనిమనిషిగా చేరుతుంది. అన్ని గదుల్లోకీ వెళ్ళగలిగేదీ, ఎవరి కంటికీ ఆననిదీ పనిమనిషే కదా. ఈ ఎత్తు వెయ్యడానికి పోలీసు శాఖకి బుర్ర చాల్లేదు.

రైలు పట్టాలంటే మనకు నెల్లూరు కథ గుర్తురావాలి. విజయవాడ నుంచి గూడూరు మీదుగా మద్రాసు పోయే రైలుమార్గం కావలి, బిట్రగుంట, నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట తాకుతూ కోస్తా వెంబడి సాగిపోతుంది. ఆ పట్టాల పక్కన దిక్కులేని శవాలు కనిపిస్తే వాటి వెనక కథేమిటి అన్న ప్రశ్నతో 2019 జూన్ 21న ఒక తెలుగు సినిమా వచ్చింది. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. దర్శకుడు స్వరూప్ ఆర్.ఎస్.జె. నెల్లూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న కుర్రాడిగా నవీన్ పోలిశెట్టి వేశాడు. ఆఫీసు పేరు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్, పొట్టిగా ఎఫ్.బి.ఐ.!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మంచి సినిమా. హంతకుల్ని పట్టుకోవాలంటే లండన్ పొగమంచూ హైదరాబాదు మేడలూ ఉండక్కర్లేదు, నెల్లూరు వీధులు చాలునని చూపించింది. మన మూఢనమ్మకాలు దొంగలకి ఎలా పెట్టుబడి అవుతాయో ధైర్యంగా చెప్పింది. నెల్లూరు వాళ్ళు మా ఊరి డిటెక్టివ్ అని గొప్పగా చెప్పుకోవచ్చు, తప్పులేదు.

ఇంతకీ ఆ నెల్లూరులో ఆడవాళ్ళేరీ? ఆత్రేయకి తల్లి ఉంది, ఆవిడ చనిపోవడం కథకి గుండెకాయ. అంటే ఏడవడానికి పనికొచ్చింది. పక్కన స్నేహ అనే అమ్మాయి ఉంది, తెలివైనదే, కానీ ఆయనగారి దగ్గర పని నేర్చుకునే శిష్యురాలు. ఆశ్చర్యపోవడం ఆవిడ వంతు, వివరించడం ఆయన వంతు. ఊరూరా తిరిగి శవాల చరిత్ర తవ్విన ఆ కథలో, ఏ వీధరుగు మీదో కూర్చున్న పెద్దావిడ ‘నాయనా, నువ్వు అడగాల్సింది అది కాదు, ఇదీ’ అని దారి మళ్ళించదు. నెల్లూరు జిల్లాలో అలాంటి పెద్దావిడ తగలకుండా నాలుగు వీధులు దాటడం నిజంగా ఎవరి తరమైనా అవుతుందా?

ఇది ఆ ఒక్క సినిమా దోషం కాదులెండి, వంశపారంపర్యం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఒక కాలంలో తెలుగుదేశాన్ని ఊపేశాడు. ఆయనకి అసిస్టెంటు రాజు. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలని జంధ్యాల 1986లో ‘చంటబ్బాయ్’గా తీస్తే, డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి కడుపుబ్బ నవ్వించాడు. అందరూ మగమహారాజులే. ఈ నవలలు చదివిందెవరు? అద్దె పుస్తకాల కొట్లో రోజుకింత అని కట్టి, పొయ్యి మీద పప్పు మాడుతున్నా పేజీ తిప్పిందెవరు? ఇంటాయన నిద్రపోయాక వంటింటి దీపం కింద హంతకుణ్ణి రచయిత కంటే ముందే కనిపెట్టేసిందెవరు? ఇల్లాళ్ళు. పాఠకురాలిగా పనికొచ్చిన బుర్ర పాత్రగా ఎందుకు పనికిరాదు? అట్టమీద మాత్రం ఆడది తప్పనిసరి. జారిన పైటతో, బాకు దిగిన గుండెతో. ఆ కథల్లో మనకు దక్కిన ప్రధాన పాత్ర శవం పాత్ర!

నేను నవలలు రాసుకునేదాన్ని కనక ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆ మధ్య ఒక సంపాదకుడు గారు డిటెక్టివ్ సీరియల్ రాయమన్నారు. నలభై అయిదేళ్ళ అంగన్‌వాడీ టీచరు హత్య కేసు తేల్చే కథ వినిపించాను. ఆయన సాంతం విని, ‘బావుందండీ, కానీ ఆవిడకి ఇరవై రెండేళ్ళు చెయ్యండి. పోలీసాఫీసరు మేనబావ ఉంటే ఇంకా బావుంటుంది, చివర్లో ఆయనొచ్చి కాపాడతాడు’ అన్నారు. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఇరవై రెండేళ్ళ నడుము ఎందుకు పనికొస్తుందో ఆయన్నే అడిగాను. జవాబు లేదు, సీరియలూ లేదు.

అసలు మన ఊళ్ళల్లో ఎలాంటి కళ్ళున్నాయో ఈ రచయితలకీ దర్శకులకీ తెలియదనుకోవాలా? మైపాడు వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధుల్లోకొచ్చే చేపలావిడ సంగతే చూడండి. ఎవరన్నా పాలసొర ఉందా అని అడిగారో, ‘ఏందక్కా, పాపకి కానుపైందా? మగబిడ్డా ఆడబిడ్డా?’ అంటుంది. బాలింతకి పాలు పడాలని పాలసొర వండిపెట్టడం అక్కడి ఆచారం. రోజూ బొచ్చె చేపతో సరిపెట్టుకునే ఇల్లు ఉన్నట్టుండి వంజరం బేరం చేసిందంటే అల్లుడు దిగాడన్నమాట. చేప మొప్పలు విప్పి రంగు చూసి, కంటి నిగనిగ చూసి, ఎన్నిరోజులు ఐసులో పడి ఉందో చెబుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఎవడన్నా పెద్ద వంజరం చూపించి ‘పొద్దున కృష్ణపట్నంలో పడింది’ అన్నాడంటే, ‘అట్టనా నాయనా, ఏ బోటులో పడిందో చెప్పు’ అని నిలేస్తుంది. షెర్లాక్ హోమ్స్ సిగరెట్ బూడిద చూసి ఏ రకం పొగాకో చెబితే నోరెళ్ళబెట్టాం. మన ఇంటి గుమ్మంలో కూర్చుని మొప్ప చూసి చరిత్ర చెప్పే మనిషితో మాత్రం పది రూపాయలు తగ్గించమని తగువాడతాం.

‘కథలే కదమ్మా, సినిమాలే కదమ్మా, దీనికింత యాగీ ఎందుకూ’ అంటారు కొందరు. అక్కడికే వస్తున్నాను. ఎవరికి చూసే హక్కుందో, ఎవరి మాటకి విలువుందో మనకు నేర్పేది కథలే. ఆడదాని పరిశీలనకి కథలోనే విలువ లేకపోతే పోలీసు స్టేషన్లో ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒకప్పుడు పేపరు తీస్తే స్టవ్ పేలి నవవధువు మృతి అని ఉండేది. కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య అన్న వాక్యమైతే ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. తెలుగుదేశంలో పెళ్ళయిన ఆడపిల్లలకే అంతటి కడుపునొప్పులు ఎందుకొస్తాయో ఏ డాక్టరూ చెప్పలేదు. పక్కింటావిడని అడిగి ఉంటే చెప్పేది. ఆ పిల్ల పదిహేను రోజులుగా డాబా మీద బట్టలారెయ్యడానికి రావడంలేదని చెప్పేది. మే నెల ఎండలో పొడుగుచేతుల జాకెట్టు వేసుకుందని చెప్పేది. చేతికి ఉండాల్సిన రెండు గాజులు లేవని, వాళ్ళ నాన్న వచ్చి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడని, ఆ రాత్రి ఆ ఇంట్లో టీవీ అంత గట్టిగా ఎన్నడూ పెట్టలేదని చెప్పేది. ఒక్కొక్కటీ ఒక్కో ఆధారం. మిస్ మార్పుల్ అయితే దీంతోనే నవల ముగించేసేది.

ఇది ఊరికే మాటవరసకి అంటున్నది కాదు. చట్టం కూడా ఇదే అడుగుతోంది. భార్యని హింసించడం గురించి 498ఎ సెక్షను 1983లోనూ, వరకట్న మరణం గురించి 304బి సెక్షను 1986లోనూ ఇండియన్ పీనల్ కోడులో చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోవడం ఒక్కటే చాలదు. చావుకి కొద్దికాలం ముందు కట్నం కోసం ఆ పిల్లని హింసించారని రుజువు కావాలి. ఆ కొద్దికాలం ముందు ఏం జరిగిందో చూసిందెవరు? ఆఫీసులో ఉన్న పెద్దమనుషులా? ఆస్తి పత్రాల మీద సాక్షి సంతకాలు చేసేవాళ్ళా? గోడవతల గిన్నెలు తోముకుంటున్న ఆడమనిషి చూసింది. చట్టానికి కావలసిన ముక్క సరిగ్గా ఆవిడ దగ్గరే ఉంది. ఆ ముక్కకే మనం చాడీ అని పేరుపెట్టి, నోరు మూసుకోమని నేర్పాం.

‘స్టేషను చుట్టూ ఎవరు తిరుగుతారు’ అన్నది ఇంకో భయం. సాక్షిగా విచారించాలంటే ఆడదాన్ని స్టేషనుకి రమ్మనే అధికారం పోలీసులకి లేదు. ఆవిడ ఇంటికే వచ్చి అడగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 160వ సెక్షనూ అదే చెప్పింది, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షనూ అదే చెబుతోంది. కేసు కోర్టుకెళ్ళాక సాక్ష్యానికి పిలిస్తే వెళ్ళాల్సిందే, అది వేరే మాట. చట్టం మన గుమ్మం దాకా వచ్చి నిలబడి అడుగుతుంటే, ‘నాకేం తెలీదు బాబూ, ఇంట్లో మగవాళ్ళు లేరు, సాయంత్రం రండి’ అని తలుపేసేది మనమే.

ఆడవాళ్ళు కూపీ లాగితే ఏమవుతుందో నెల్లూరు జిల్లాకి ఒకరు చెప్పనక్కర్లేదు. సముద్రం నుంచి లోపలికి, కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వెళ్ళారు. అక్షరాలతోపాటు తమ బతుకు లెక్క కూడా కూడుకున్నారు. మొగుడి కూలి డబ్బులు ఇంటికి రాకుండా ఎటు పోతున్నాయి, సారా ఏ దారిన ఊళ్ళోకొస్తోంది, ఎవరి కొట్లో అమ్ముతున్నారు, దానివల్ల లాభం ఎవరికి? ఇవన్నీ డిటెక్టివ్ ప్రశ్నలే. జవాబులు దొరికాక వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు, ఊళ్ళోకి సారా రానివ్వమన్నారు. ఆ నిప్పు జిల్లా అంతా, ఆపైన రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారనుకోండి, అది ఏలినవారి ఘనత. కేసు కట్టి, నేరస్థుణ్ణి చూపించి, శిక్ష దాకా నడిపించింది మాత్రం అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు. ఏ పోలీసు పతకమూ వాళ్ళకి లేదు, డిటెక్టివ్ లైసెన్సూ లేదు. ఇలాంటి జిల్లాలో అపరాధ పరిశోధకురాలి కథ పుట్టలేదంటే కథకులదే నేరం.

ఇక్కడ కొందరు యువతులు నామీదికి లేస్తారని తెలుసు. ‘మీరు మెచ్చుకునే ఈ వీధి కళ్ళేగా మా ప్రాణాలు తోడేసేవి? బస్టాపులో క్లాసుమేటుతో మాట్లాడితే మా అమ్మకి చేరవేసేదీ, ఎన్నింటికి ఇంటికొచ్చానో గడియారం చూసేదీ ఈ పిన్నిగార్లేగా?’ అని అడుగుతారు. అడగాల్సిందే. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కళ్ళవల్ల చదువు ఆగిపోయిన పిల్లలున్నారు, హడావిడిగా పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లలున్నారు.

అందుకే తేడా తెలుసుకోవాలి అంటున్నాను. విథర్స్ టీచరు ఎవరి లంగా ఎంత పొడుగో కొలవదు, హత్య చేసిందెవరో వెతుకుతుంది. మార్పుల్ ముసలమ్మ ఎవరు ఎవరితో షికారుకెళ్ళారో తెలిసినా కడుపులో దాచుకుంటుంది, ప్రాణం పోయిందన్నప్పుడే నోరు విప్పుతుంది. చాడీ బతికున్న పిల్ల సంతోషం మీద కన్నేస్తుంది. పరిశోధన పిల్లకి జరిగిన అన్యాయం మీద కన్నేస్తుంది. చాడీకి సాక్ష్యంతో పనిలేదు, అన్నది చాలు. పరిశోధన తన అనుమానాన్ని తానే పదిసార్లు అనుమానించుకోవాలి.

మనం ఏం చేస్తున్నామో గుండెలమీద చెయ్యేసుకుని చెప్పండి. పక్కింటి అమ్మాయి స్కూటీ వెనక ఎవరు కూర్చున్నారో మూడు వీధుల అవతల్నుంచి గుర్తుపడతాం. అదే పక్కింట్లోంచి రాత్రి పదింటికి దెబ్బల చప్పుడూ, బిగబట్టిన ఏడుపూ వినబడితే ‘మొగుడూ పెళ్ళాల తగువు, మనకెందుకులే’ అని టీవీ సౌండు పెంచుకుంటాం. అక్కర్లేనిచోట అంత నిఘా, అక్కరకొచ్చేచోట అంత మర్యాద! ఆ ‘మనకెందుకులే’ అన్న ఒక్క మాట వెనక ఎంతమంది హంతకులు నిక్షేపంగా కాఫీ తాగుతున్నారో ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

మన కళ్ళు ఇలా దారితప్పడానికి మన కథలకీ వాటా ఉంది. డెబ్భై ఎనభై ఏళ్ళుగా డిటెక్టివ్ నవలలు చదువుతున్నాం, సినిమాలు చూస్తున్నాం. వాటిలో ఎక్కడైనా ఒక ఇల్లాలు తను చూసింది సూటిగా చెప్పి, ఇన్స్పెక్టరు దాన్ని బుద్ధిగా రాసుకుని, దాంతో కేసు తేలిందని చూపించి ఉంటే, ఇవాళ గోడవతల ఉన్న ఆవిడకి తన కన్ను పనికొస్తుందన్న ధైర్యం ఉండేది. ఆవిడకి మనం చూపించింది అరిచేవాళ్ళనీ, మూర్ఛపోయేవాళ్ళనీ, శవాల్నీ.

కనక దర్శక నిర్మాతలకీ, సంపాదక మహాశయులకీ ఒక్క విన్నపం. ఆత్రేయని మానెయ్యమనను, ఆయనా హాయిగా ఉండాలి. ఆయన ఆఫీసు ఎదురుగా ఇంకో ఆఫీసు తెరవండి. బోర్డు అక్కర్లేదు, అరుగు చాలు. అందులో యాభై ఏళ్ళావిడని కూర్చోబెట్టండి. మోకాళ్ళ నొప్పులుంటే ఉండనివ్వండి, పరిగెత్తే పని ఎవరైనా కుర్రాడు చేస్తాడు. ఆయన్ని అసిస్టెంటుగా పెట్టండి, ఆశ్చర్యపోవడం ఈసారి ఆయన వంతు. పాట పెట్టకపోయినా ఫరవాలేదు. చివర్లో మేనబావ రానక్కర్లేదు. హంతకుణ్ణి ఆవిడే చూపిస్తుంది.

ఇక మన సంగతి. ఎవరో ఒక పోలీసాయన ఏదో ఒకరోజు మన గుమ్మంలో నిలబడి, ‘అమ్మా, పక్కింటి అమ్మాయి గురించి మీకేమైనా తెలుసా?’ అని అడుగుతాడు. అప్పుడు ఇంట్లో మగవాళ్ళు లేరని చెప్పకండి. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ‘రాసుకోండి’ అనండి.